ఐదు కిలోల రాయి

గుడివాడలో ఒక పాత సామాన్ల కొట్టు ముందు నేను దిగేసరికి ఇంకా చీకటి విడలేదు. ట్రాలీ ఆటో వెనక తలుపు దించి ఉంది. భార్యాభర్తలిద్దరూ సామాను ఎక్కిస్తున్నారు. ఎలక్ట్రానిక్ కాటా, ఖాళీ గోతాలు, సుత్తి, ఆకురాయి, తాడుకు కట్టిన అయస్కాంతం ముక్క, డబ్బాలకి బదులివ్వడానికి రెండు బస్తాల ఉల్లిపాయలు. అన్నీ అయ్యాక ఆవిడ గోనెగుడ్డలో చుట్టిన ఐదు కిలోల ఇనప రాయిని రెండు చేతులా పట్టుకొచ్చి, డ్రైవరు సీటు కింద పెట్టింది.

తూకానికి వాడే గుండు ఇనుముదైనా, ఇత్తడిదైనా మావైపు దాన్ని రాయి అనే అంటారు. ఈ రాయికి అడుగున చిన్న గుంట ఉంది. ఆ గుంటలో సీసం పోసి, సీసం మీద తూనికలు కొలతల శాఖ ముద్ర వేశారు. రాళ్లకి రెండేళ్లకోసారి, ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి ఆ ముద్ర మళ్లీ వేయించుకోవాలి. కాటా ఉండగా మళ్లీ రాయి ఎందుకని చూసినవాళ్లకి అనిపిస్తుంది. ఆ రాయి కోసమే నేను ఆ రోజు వాళ్ల వెంట బయల్దేరాను.

ఇరవై ఏళ్ల కిందట మా అమ్మ తన పెళ్లినాటి ఇత్తడి గంగాళం అమ్మేసింది. సైకిలు మీద వచ్చినతను స్ప్రింగు కాటాకి తగిలించి తొమ్మిది కిలోలన్నాడు, డబ్బులిచ్చాడు, వెళ్లిపోయాడు. మరో నెలకి ట్రంకు పెట్టె సర్దుతుంటే మా తాతయ్య రాసిన సారె సామాను చిట్టా బయటపడింది. అందులో గంగాళం తొమ్మిది వీశెలని ఉంది. వీశె అంటే దాదాపు కిలో నాలుగు వందల గ్రాములు. తొమ్మిది వీశెలు పన్నెండున్నర కిలోలు దాటతాయి. 1956లో చట్టం వచ్చి వీశెలూ మణుగులూ పోయి కిలోలు వచ్చాయి గానీ, మా అమ్మ మనసులో లెక్క వీశెల్లోనే ఉండేది. ఆ సాయంత్రం ఆవిడ అన్నం తినలేదు. మూడున్నర కిలోల ఇత్తడి పోయినందుకు కాదు. ఎదురుగా నిలబడి, అమ్మా అని పిలుస్తూ, కళ్లముందే తీసుకుపోయాడే అని.

అమ్మ పోయాక ఈమధ్య పామర్రు దగ్గర మా ఊళ్లో ఇల్లు ఖాళీ చేశాను. పాత సామాను కొనడానికి వచ్చింది ఈ దంపతులే. ఆయన కాటా నేల మీద పెట్టి, దాని మీద నా వస్తువేదీ పెట్టకుండా ముందు తన రాయి పెట్టి, “అంకె చూడండి మాస్టారూ” అన్నాడు. 5.000 అని వచ్చింది. రాయి తిరగేసి ముద్ర చూపించాడు. అప్పుడు నా సామాను తూచాడు. తూకం రాసుకునేటప్పుడు నాకు అమ్మ గుర్తొచ్చి గొంతు పట్టేసింది. ఒక రోజు మీతో తిరుగుతానని అడిగితే ఆయన కాసేపు ఆలోచించి, “ఎండకి ఓర్చుకుంటానంటే రండి” అన్నాడు.

పామర్రు దాటి బందరు రోడ్డెక్కేసరికి సూర్యుడొచ్చాడు. మినుము చేలు పసుపు తిరుగుతున్నాయి. రోడ్డు మీంచి ఊళ్లోకి మలుపు తిరగగానే ఆయన మైకు నొక్కాడు. పాత ఇనుప సామాన్లు, రేకు డబ్బాలు, పాడైన మోటార్లు, ఫ్యాన్లు, బ్యాటరీలు, ప్లాస్టిక్ సామాన్లు కొంటామని ఆవిడ గొంతుతోనే రికార్డు చేసి పెట్టుకున్నారు. మగ గొంతైతే తలుపులు తెరవరట. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని వాట్సాప్ పుకార్లు పుట్టినప్పుడు ఊరికి కొత్తగా వచ్చిన ప్రతివాడూ దొంగే అయ్యాడు. ఆ రెండు నెలలూ వాళ్లు బండి తియ్యలేదు. అప్పటినుంచే ఈ ఆడగొంతు.

మొదటి ఇంట్లో సీలింగు ఫ్యాను. బయటినుంచి చూస్తే ఫ్యాను ఒకే వస్తువు. ఆయన కంటికి అది మూడు లోహాలు. రెక్కలూ పై డొప్పా అల్యూమినియం, దాన్నే మావైపు ఆడవాళ్లు సిల్వరంటారు. లోపలి బిళ్లలు ఇనుము. వాటి చుట్టూ రాగి తీగ. రాగి ధర ఇనుముకి ఇరవై రెట్ల పైనే ఉంటుంది. ఈమధ్య కొన్ని ఫ్యాన్లలో రాగికి బదులు అల్యూమినియం తీగ చుడుతున్నారు. పైన పూసిన వార్నిషు వల్ల రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆయన డొప్ప విప్పి, తీగ మీద ఆకురాయితో ఒక్కసారి గీశాడు. తెల్లగా మెరిసింది. ఇంటావిడకి చూపించి, “ఇది రాగి కాదమ్మా, సిల్వరు తీగ. రాగి రేటివ్వలేను” అన్నాడు. ఆవిడ మొహం చిన్నబోయింది. అదే ఇంట్లో పాత టేబుల్ ఫ్యాను కూడా గీసి చూశాడు. ఎర్రగా మెరిసింది. దానికి రాగి లెక్క కట్టాడు. ఆయన గీసి చూడకపోతే ఆవిడకి రెండూ ఒకటే, రెండిటికీ ఇనుము రేటిచ్చినా తీసుకునేదే.

అయస్కాంతం ఇనుమునీ బీడునీ పట్టుకుంటుంది, మంచి స్టీలుని పట్టుకోదు. బీడు అంటే పోత ఇనుము, సుత్తితో కొడితే వంగదు, పగులుతుంది. పాత కుట్టుమిషన్ల కాళ్లు, గేటు పువ్వులు, తూములు బీడువే. రేకు తేలిక, కరిగిస్తే తుప్పుకే కొంత పోతుంది, అందుకే దాని ధర తక్కువ. గట్టి ఇనుము వేరు, రేకు వేరు, బీడు వేరు. ఇవన్నీ కలిపి ఒకే రేటు కట్టడం ఈ వృత్తిలో తేలికైన పని. అలా కొనేవాళ్లలో మోసగాళ్లే కాదు, పని తెలియనివాళ్లూ చాలామంది ఉన్నారు. వాళ్ల చేతిలోనూ అమ్మేవాళ్లు నష్టపోతూనే ఉన్నారు. నిజాయితీ ఉంటే చాలు, మిగతాది అదే వస్తుందని నేను పిల్లలకి ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. ఆ అరుగు మీద కూర్చుని ఆకురాయి చప్పుడు వింటుంటే ఆ పాఠంలో సగం చెప్పనే లేదనిపించింది. రాగేదో సిల్వరేదో తెలియనివాడు ఎంత మంచివాడైనా ఆ ఇంటావిడకి న్యాయం చెయ్యలేడు.

అమ్మేవాళ్ల వైపు మోసాలూ ఉన్నాయి. ఒక దొడ్లో నీళ్ల మోటారు డొప్ప అమ్మారు. ఎత్తగానే ఆయన బరువు పసిగట్టాడు. తిరగేసి నేలకి తట్టాడు. గట్టిపడిన సిమెంటు పెళ్లలు రాలాయి. ఇంటాయన ఎటో చూస్తున్నాడు. ఈయన ఒక్క మాట కూడా తూలలేదు. “పిల్లలు ఆడుకుంటూ పోసుంటారు లెండి” అని పెళ్లలన్నీ గీకేసి, మళ్లీ తూచి, డబ్బులిచ్చాడు. బండెక్కాక అడిగాను, కోపం రాలేదా అని. “వస్తది. కానీ ఆయన మొహం నిలబెడితే వచ్చేసారి అసలు వస్తువే పిలిచి ఇస్తాడు” అన్నాడు.

ఉయ్యూరు ఇంకా రాకముందు ఒక ఊళ్లో, వేపచెట్టున్న ఇంట్లో ముసలావిడ నాలుగు కుళాయిలు తెచ్చింది. తళతళ మెరుస్తున్న పూత. ఆవిడ కంగారులో ఉంది, మనవడు బడినుంచి వచ్చే వేళట. చప్పున తూచి స్టీలు లెక్కన ఇచ్చి బయల్దేరాం. ఇది గుర్తుంచుకోవాలని అప్పుడు నాకు తెలియదు.

ఉయ్యూరు దాటాక రోడ్డు పక్కన బందరు కాలువ తోడొచ్చింది. అక్కడక్కడా చెరకు, పసుపు, అరటి. కాలువ నీళ్లందనిచోట బోర్లే దిక్కు. ఒక వంతెన దగ్గర ఇద్దరు కుర్రాళ్లు చెయ్యెత్తి బండి ఆపారు. మోటారుసైకిలు మీద గోనెసంచి. “అన్నా, రాగి ఉంది, తీసుకుంటావా?”

ఆయన సంచి మూతి విప్పి లోపలికి చెయ్యి పెట్టాడు. తీగ బయటికి తియ్యలేదు. చెయ్యి మాత్రం తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నాకు పక్కనుంచే వాసన తగిలింది, కాగిన నూనె వాసన. “ఎక్కడిది తమ్ముడూ?” “మా బోరు మోటారుది. కాలిపోయింది.” “మోటారు తీగ సన్నగా ఉంటది. ఇది పట్టీ తీగ, మీద కాగితం చుట్టుంది, ఆ కాగితం నూనెలో నానింది. మాకొద్దు.” కుర్రాళ్లు ఎదురు చెప్పలేదు. సగం ధరకిస్తామన్నారు. ఆయన బండి స్టార్టు చేశాడు.

చేలల్లో స్తంభాల మీద నిలబెట్టిన ట్రాన్స్‌ఫార్మరు లోపల చుట్టిన తీగ అది. రాత్రిపూట కరెంటు తీసి, నూనె కిందికి వదిలేసి, లోపలి చుట్టలు లాక్కుపోతారు. దొంగకి దక్కేది సంచెడు రాగి. ఆ ట్రాన్స్‌ఫార్మరు కింద బోర్లున్న రైతులందరికీ కొత్తది వచ్చేదాకా నీళ్లు బంద్. కొనేవాడు దొరకడని తెలిస్తే అర్ధరాత్రి స్తంభమెక్కే పని లేదు. కాబట్టి ఆ పంట ఎండుతుందా లేదా అన్నది పాత సామాను కొనేవాడి ముక్కు దగ్గర తేలుతుంది. ఆ వాసన తెలిసీ కొనేవాళ్లు మా జిల్లాలోనే ఉన్నారు, ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. తెలిసి దొంగసొత్తు కొనడం పాత శిక్షాస్మృతిలో 411వ సెక్షన్ కింద నేరం, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 317వ సెక్షన్. రైలు పట్టా ముక్కల సంగతైతే ఇంకా గట్టిగా ఉంటుంది, దానికి 1966 నుంచే వేరే చట్టం. అందుకే ఎంత పెద్ద కొట్టువాడైనా పట్టా ముక్క కనపడితే చెయ్యి వెనక్కి తీసుకుంటాడు.

పోలీసులకి చెప్పొచ్చుగా అన్నాను. చాలాసేపు ఆయన ఏమీ అనలేదు. ఆవిడే అంది, “చెబితే ముందు మమ్మల్నే కూర్చోబెడతారండి మాస్టారూ.” నేను ఒప్పుకోలేకపోయాను, కాదనీ అనలేకపోయాను. కాసేపటికి ఆయన చెట్టు కింద బండి ఆపి ఫోన్ తీశాడు. ఆ వైపు లైన్‌మన్‌కి, ఎక్కడో ట్రాన్స్‌ఫార్మరు పోయుంటుంది చూసుకోండి అని మాత్రం చెప్పాడు. తన పేరు అడిగితే పెట్టేశాడు. ఆ కుర్రాళ్లెవరో చెప్పలేదు, నిజానికి ఆయనకీ తెలియదు. ఇంతకంటే చెయ్యాలేమో అని ఇప్పటికీ నా మనసులో ఉంది. ఆయన వాటాకి వచ్చిన భయం నా వాటాకి రాలేదు గనక అంతకుమించి అనలేను.

ఆ భయం తలుచుకుంటే నాకు పుణె గుర్తొస్తుంది. ఆ నగరంలో చెత్త ఏరేవాళ్లు, పాత సామాను కొనేవాళ్లు కలిసి 1993లో కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్ అనే సంఘం పెట్టుకున్నారు. కాగితం, గాజు, రేకు. తమ చేతికి రోజూ తగిలే వస్తువులనే సంఘం పేరులో పెట్టుకున్నారు. బాబా ఆఢావ్ లాంటి కార్మిక నాయకులు వెంట నిలిచారు. ఆ సంఘం సాధించినవాటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది గుర్తింపు కార్డు. నగరపాలక సంస్థ ఒప్పుకున్న కార్డు మెడలో ఉంటే వీధిలో ఆపి దొంగవా అని అడిగినవాడికి చూపించొచ్చు. అలాంటి కార్డు ఈ దంపతుల మెడలో ఉంటే ఆ ఫోన్ కాల్ మరోలా ఉండేదేమో.

మధ్యాహ్నం కాలువ గట్టు మీద అన్నం తిన్నాం. గోంగూర పచ్చడి, పెరుగు. అప్పుడడిగాను, రాయి పట్టుకు తిరగడం ఎప్పటినుంచి అని. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుని చెప్పాడు. మొదట్లో తనూ తప్పుడు తూకం వేశాడు. పని నేర్పినవాళ్లు తూకమూ అలాగే నేర్పారు. చేతి తక్కెడ దండె ఒక పక్క వెంట్రుకవాసి పొడుగ్గా ఉంటే చాలు, సామాను పళ్లెం పొట్టి వైపు పెడితే ప్రతి తూకానికీ కొంత దిగుతుంది. రాళ్ల పళ్లెం కింద అయస్కాంతం అంటించేవాళ్లు, రాయి అడుగున సీసం ఎక్కువ పోసేవాళ్లు, స్ప్రింగు కాటా ముల్లు సున్నాకి వెనక నిలిపేవాళ్లు. ఒకనాడు ఒక ఊళ్లో ఒక అవ్వ, చదువు లేని మనిషి, తూచడం అయ్యాక, “ఏదబ్బాయ్, రాళ్లు ఇటూ సామాను అటూ వేసి చూపించు” అంది. దండె తప్పుడుదైతే పళ్లేలు మార్చగానే బయటపడిపోతుంది. వీధిలో పదిమంది చూస్తున్నారు. మార్చాడు. బయటపడింది. అవ్వ తిట్టలేదట. సామాను లోపలికి తీసుకెళ్లి తలుపేసుకుందట. ఆ ఊళ్లోకి ఆయన ఆరేళ్లు పోలేదు.

“ఆ తర్వాత ఒకటే పెట్టుకున్నాను మాస్టారూ. లాభం రేటులో తీసుకుంటాను, రాయిలో తీసుకోను. రేటు నోటితో చెబుతాను, నచ్చకపోతే ఇవ్వరు. రాయిలో తీసేది వాళ్లకి కనపడదు గదా.”

నేను కాస్త లోతుగా అడిగాను. బెజవాడ రేటుకీ ఆయన ఇంటి దగ్గర చెప్పే రేటుకీ తేడా ఎంత, అది న్యాయమేనా అని. దాచకుండా చెప్పాడు. పెట్రోలు, ఇద్దరి కూలి, రోజువారీ పెట్టుబడి, అన్నీ ఆ తేడాలోంచే రావాలి. పొద్దున్నే చేతిలో పెట్టుబడి పెట్టే కొట్టు యజమాని సాయంత్రం తను చెప్పిన రేటుకే సరుకు తీసుకుంటాడు. ఈ వృత్తిలో ఇంటింటికీ తిరిగేవాళ్లలో చాలామంది ఆ ముడికి కట్టుబడినవాళ్లే. తూకంలో కాస్త లాగాలన్న ఆశ పుట్టేది తరచుగా అక్కడే. పైనుంచి తనకి తగ్గించినదాన్ని కింద అవ్వ దగ్గర పూడ్చుకోవాలనుకుంటాడు మనిషి. ఈ దంపతులు నాలుగేళ్ల కిందట ఆవిడ గాజులు కుదువపెట్టి ఆ పెట్టుబడి బాకీ తీర్చేశారు. అప్పటినుంచే గుడివాడలో కాకుండా నేరుగా బెజవాడ ఆటోనగర్‌లో అమ్ముకోగలుగుతున్నారు. గాజులింకా విడిపించలేదు.

కంకిపాడు, పోరంకి దాటి ఆటోనగర్‌లోకి తిరిగేసరికి మూడు దాటింది. లారీ బాడీలు కట్టే చోటు, విప్పే చోటు పక్కపక్కనే. వెల్డింగు మంటలు, డీజిలు, రబ్బరు వాసన. ముందు వే బ్రిడ్జి. హైదరాబాదులో దీన్నే ధర్మకాంటా అంటారు. ఎన్నో బజార్లు తిరిగాను గానీ వ్యాపారంలో ఇంత బరువైన పేరు మరొకటి వినలేదు. లోడు బండి ఎక్కించి ఒక తూకం, సరుకు దింపాక ఖాళీ బండికి ఒక తూకం, తేడా సరుకు. ఇక్కడా దారులున్నాయి. ఒక చక్రం పలక అంచు బయట నిలిపితే బరువు తగ్గుతుంది. లోడు తూచేటప్పుడు మనిషి సీట్లో కూర్చుని, ఖాళీ తూచేటప్పుడు దిగిపోతే ఆ మనిషి బరువూ ఇనుమైపోతుంది. ఆయన రెండుసార్లూ మమ్మల్ని దింపాడు, చక్రాలన్నీ చుట్టూ తిరిగి చూసుకున్నాడు.

యార్డులో సరుకు విడివిడిగా పోశారు. అక్కడి గుమాస్తా కుప్పని కాలితో కదిపి “తరుగు” అని ఒక అంకె చెప్పాడు. మట్టి, తుప్పు, రబ్బరు కింద తీసేసే బరువు. ఈయన మాట్లాడకుండా కుప్పలోంచి తుప్పుపట్టిన రేకులు పక్కకి లాగి, “తరుగు వీటికి తియ్యండి, గట్టి ఇనుముకి ఎందుకు?” అన్నాడు. గుమాస్తా ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడానికి కారణం, ఆయన సరుకు ఎప్పుడూ విడదీసే రావడం. కరిగించే కొలిమిలోకి రాగి తగిలిన ఇనుము పోతే ఉక్కు పెళుసవుతుంది. ఒక ఊళ్లో అరుగు మీద గీసిన ఆకురాయి గీత, ఎక్కడో కట్టే ఇంటి కడ్డీ దాకా పోతుంది.

యార్డు గోడ మీద రేడియేషన్ గుర్తు బొమ్మ అంటించి ఉంది, పసుపు మీద నల్ల మూడు రెక్కలు. అది ఎందుకో కుర్ర కూలీలకి తెలియదు. నాకు 2010 ఢిల్లీ గుర్తొచ్చింది. విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగం వాళ్లు 1968లో కెనడా నుంచి కొన్న గామా యంత్రాన్ని 1985 తర్వాత వాడలేదు. 2010 ఫిబ్రవరిలో పాత సామానుతో కలిపి వేలం వేసేశారు. అది మాయాపురి స్క్రాప్ బజారుకి చేరింది. లోపల కోబాల్ట్-60 ఉందని కొన్నవాళ్లకి ఎవరూ చెప్పలేదు. సీసం విడదీద్దామని పగలగొట్టారు. ఒకరు చనిపోయారు, మరికొందరు ఆసుపత్రుల పాలయ్యారు. అమ్మినవాళ్లు చదువుకున్నవాళ్లు, కొన్నవాళ్లు చెయ్యి తప్ప మరే పరికరమూ లేనివాళ్లు. పాత సామాను వృత్తిలో నిజాయితీ అనగానే మనం కొనేవాడి వైపే చూస్తాం. ఏమి అమ్ముతున్నామో చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాడిదని మాయాపురి తర్వాతైనా నేర్చుకుని ఉండాల్సింది. నేను కూలీ కుర్రాడిని పిలిచి ఆ గుర్తు గురించి చెప్పాను. బరువైన సీసం డబ్బా మీద అది కనిపిస్తే ముట్టుకోవద్దని, దూరం జరిగి అధికారులకి చెప్పమని. శ్రద్ధగా విన్నాడు.

ఆ యార్డు నుంచి కొలిమికి పోయే పాత ఇనుము కరిగిస్తే కొత్త ఖనిజమూ బొగ్గూ మిగులుతాయి. 2019లో కేంద్రం తెచ్చిన ఉక్కు తుక్కు విధానంలోనే ఆ లెక్క ఉంది, టన్ను తుక్కుకి 1.1 టన్నుల ఖనిజం, 630 కిలోల కోకింగ్ బొగ్గు. అల్యూమినియం కరిగించడానికైతే కొత్తగా తియ్యడానికయ్యే శక్తిలో ఐదు శాతం చాలు. కొండలు మిగిల్చే ఆ పని గడప దగ్గర ఉల్లిపాయలిచ్చి డబ్బా తీసుకునే ఆవిడ చేతుల్లో మొదలవుతోంది. ఆ విధానంలో ఆవిడ గాజుల ప్రస్తావన ఎక్కడా ఉండదు.

చీకటి పడుతుండగా అమ్మకుండా ఉంచిన సరుకు సంచుల్లోకి ఎత్తుతున్నాం. ఇత్తడి, రాగి, స్టీలు వేరుగా ఉంచుకుని వారానికోసారి అమ్ముతారు. ఆవిడ వేపచెట్టింటి కుళాయిలు చేతిలోకి తీసుకుని ఆగింది. ఆకురాయి అడిగింది. పూత కింద పచ్చగా మెరిసింది. నాలుగూ గీసింది. నాలుగూ ఇత్తడే.

“తొందరలో చూసుకోలేదు,” అన్నాడాయన. ఆ మాట తనకి తనే చెప్పుకున్నట్టుంది. కాటా దింపాడు. ముందు రాయి పెట్టాడు, అక్కడ చూసేవాళ్లం మేం ముగ్గురమే అయినా. తర్వాత కుళాయిలు. కిలో తొమ్మిది వందల గ్రాములు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, ఫోన్ లైటు వెలుగులో రాసుకున్నాడు. నేను వంగి చూశాను. ఊరి పేరు, వేపచెట్టు ఇల్లు, మామ్మగారు, కుళాయిలు 4, ఇత్తడి, 1.900. దాని ఎదురుగా ఇచ్చింది ఎంతో, ఇవ్వాల్సింది ఎంతో రాసి, తేడా చుట్టూ గీత గీశాడు. ఆ పేజీలోనే పైన అలాంటి గీతలు మరో రెండున్నాయి. ఒకదాని మీద అడ్డంగా కొట్టేసి ఉంది, ఇంకొకటి లేదు.

“గురువారం ఆ ఊరు ఉంది,” అంది ఆవిడ, రాయికి గోనెగుడ్డ చుడుతూ. “బడి వదిలే వేళకి ముందే వెళ్దాం.”